జనరల్ డాక్టరు గదిలో కుంగుబాటు

కుంగుబాటుతో బాధపడే మనిషి తిన్నగా మానసిక వైద్యుడి గడప తొక్కడం మన దగ్గర అరుదు. ముందు వెళ్లేది వీధి చివరి క్లినిక్‌కో, మండల కేంద్రంలోని పీహెచ్‌సీకో, ఊళ్లోనే ఉండే ఆర్‌ఎంపీ దగ్గరికో. అక్కడ చెప్పుకునేది కూడా దిగులు సంగతి కాదు. తలనొప్పి, నీరసం, గుండెదడ, అరికాళ్ల మంటలు, గ్యాస్, నిద్ర పట్టకపోవడం... తెలుగునాట ఏ ఓపీలో కూర్చున్నా ఇవే వినిపిస్తాయి. డాక్టరు బీపీ చూస్తారు, రక్తపరీక్ష రాస్తారు, వయసును బట్టి ఈసీజీ తీయిస్తారు. అన్నీ బాగానే ఉన్నాయని తేలితే బలానికి ఒక మందు, గ్యాస్‌కు ఒక మాత్ర, నిద్రకు ఒక చిన్న బిళ్ల. "నీకేం లేదమ్మా, ఎక్కువ ఆలోచించకు" అన్న మాటతో ఆ పూట వైద్యం ముగుస్తుంది. నెల తిరగకుండానే ఆవిడ అవే బాధలతో మళ్లీ వస్తుంది.

ఈ తంతు చూసినవారు మామూలుగా డాక్టరునే తప్పుపడతారు. ఆయనకు డిప్రెషన్ గురించి తెలియదనో, తెలిసినా పట్టించుకోరనో అంటారు. గత నలభై ఏళ్లుగా పరిశోధకులు ఈ ఆరోపణను అటు తిప్పి ఇటు తిప్పి పరీక్షిస్తూనే ఉన్నారు. ఆ అధ్యయనాలను వరసగా పెట్టి చదివితే అసలు చిక్కు మరోచోట కనబడుతుంది. జనరల్ డాక్టరు వైఖరిని ఆయన చదువు కన్నా, స్వభావం కన్నా ఎక్కువగా తీర్చిదిద్దేది ఆయన పనిచేసే చోటు. రోగికి తర్వాత ఏం చేయాలో దారి లేనప్పుడు, అడగకుండా ఉండటమే ఆయనకు అలవాటవుతుంది.

గుర్తింపు లెక్కలు

ఈ చర్చకు పునాది వేసినవారు బ్రిటన్‌కు చెందిన డేవిడ్ గోల్డ్‌బర్గ్, పీటర్ హక్స్‌లీ. మానసిక బాధ ఉన్న మనిషి ఆస్పత్రి మంచం దాకా చేరేలోగా వరసగా కొన్ని జల్లెడలు దాటాలని 1980లో వారు చూపించారు. డాక్టరు దగ్గరికి వెళ్లాలనుకోవడం మొదటి జల్లెడ. ఆ డాక్టరు జబ్బును పోల్చుకోవడం రెండోది. స్పెషలిస్టుకు పంపడం మూడోది. బాధ ఉన్నవారిలో చాలామంది మొదటి జల్లెడ దాటి జనరల్ డాక్టరు ఎదుటికి వస్తారు. తప్పిపోవడం ఎక్కువగా జరిగేది ఆ తర్వాతే.

1990ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో ఒక పెద్ద అధ్యయనం చేయించింది. అందులో మన బెంగళూరు కూడా ఉంది. సాధారణ వైద్యం కోసం వచ్చిన దాదాపు 26 వేల మందిని పరిశీలిస్తే సగటున పదిమందిలో ఒకరికి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. ఆ రోగుల సమాచారాన్నే మళ్లీ విశ్లేషించిన గ్రెగరీ సైమన్ బృందం 1999లో మరో సంగతి బయటపెట్టింది. కుంగుబాటు ఉన్న 1,146 మందిలో 69 శాతం మంది డాక్టరుకు శరీర బాధలే చెప్పారు. ఒంటి బాధగా చెప్పుకోవడం తూర్పు దేశాల వారి అలవాటని అంతకుముందు చాలామంది నమ్మేవారు. అన్ని ఖండాల్లోనూ అదే ధోరణి కనిపించడంతో ఆ నమ్మకం వీగిపోయింది. అయితే కూర్చోబెట్టి నేరుగా అడిగితే, మనసులో ఏ బాధా లేదని చివరిదాకా అన్నవారు 11 శాతం మందే. అంటే చాలామంది రోగులు అడిగితే చెబుతారు.

అడిగేవారు ఎంతమంది? 2009లో అలెక్స్ మిచెల్ బృందం 'లాన్సెట్' పత్రికలో 41 అధ్యయనాలను, 50 వేల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. జనరల్ డాక్టర్లు కుంగుబాటును సరిగ్గా గుర్తించింది 47 శాతం సందర్భాల్లో మాత్రమే. ఈ అంకె వాడుకలో బాగా తిరిగింది. అదే వ్యాసంలోని రెండో సంగతి మాత్రం అంతగా తిరగలేదు. ఓపీకి వచ్చిన ప్రతి వందమందిలో డాక్టర్లు సరిగ్గా పట్టుకున్నవారు పదిమంది, వదిలేసినవారు పదిమంది, లేని జబ్బును అంటగట్టింది 15 మందికి. ఒక్కసారి చూసి తేల్చడంలో ఉన్న కష్టం ఇందులోనే ఉంది. అదే రోగిని కొంతకాలం పదేపదే చూస్తే గుర్తింపు మెరుగుపడుతుందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు దీని అవసరం పడుతుంది.

డాక్టర్లు ఏమనుకుంటారు

కుంగుబాటు పట్ల జనరల్ డాక్టర్ల వైఖరిని కొలవడానికి 1992లో నెవురీ బొటేగా, ఆయన సహచరులు లండన్‌లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ఇరవై వాక్యాలుంటాయి. ఒక్కోదానితో తాను ఎంతవరకు ఏకీభవిస్తారో డాక్టరు గుర్తు పెట్టాలి. ముసలితనంలో కుంగుబాటు సహజమేనా? బతుకు కష్టాలను తట్టుకోలేని బలహీనులకే ఇది వస్తుందా? ఈ రోగులతో పని చేయడం భారంగా ఉంటుందా? మందులు కావాల్సినవారిని మానసిక వైద్యుడికే వదిలేయడం మంచిదా? ఇలాంటి విషయాలే అందులో ఉంటాయి. ఆ ప్రశ్నావళిని తర్వాత ఎన్నో దేశాల్లో వాడారు. 2015లో మార్క్ హడాడ్ బృందం దాన్ని సవరించి కొత్త రూపమిచ్చింది.

ఈ సర్వేల్లోనూ, డాక్టర్లతో కూర్చుని మాట్లాడి రాసిన అధ్యయనాల్లోనూ మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఆలోచనలు నాలుగు.

మొదటిది, ఇది జబ్బు కాదు, బతుకు బాధ అన్న భావన. పేదరికం, నిరుద్యోగం కమ్ముకున్న బస్తీల్లో పనిచేసే బ్రిటిష్ డాక్టర్లు ఈ మాట ఎక్కువగా అన్నారు. మన పీహెచ్‌సీ డాక్టరుకూ ఇది కొత్త కాదు. అప్పులో మునిగిన కౌలురైతు, తాగి కొట్టే భర్త ఉన్న ఇల్లాలు, కొడుకు గల్ఫ్‌కి వెళ్లి ఒంటరిగా మిగిలిన తల్లి. వీళ్లకు నిద్ర పట్టకపోతే ఆశ్చర్యమేముంది అనిపిస్తుంది. ఆ సానుభూతి నిజమైనదే. కానీ బాధకు కారణం అర్థమైనంత మాత్రాన వైద్యం అక్కర్లేదని కాదు. కాలు విరగడానికి కారణం తెలిసినా కట్టు కట్టాల్సిందే కదా.

రెండోది, తేనెతుట్టె కదపడం ఎందుకన్న భయం. ఒక్క ప్రశ్న అడిగితే రోగి ఏడుస్తారు, అరగంట పడుతుంది, బయట అరవై మంది నిలబడి ఉంటారు. వైద్యుడు రోగికి ఇచ్చే సమయంపై 2017లో వెలువడిన అంతర్జాతీయ సమీక్ష ప్రకారం ఆ సమయం స్వీడన్‌లో 22 నిమిషాలకు పైనే. బంగ్లాదేశ్‌లో నిమిషం కూడా లేదు. ప్రపంచ జనాభాలో సగం నివసించే 18 దేశాల్లో అది అయిదు నిమిషాలకు మించదు. మన దేశం ఆ జాబితాలో కింది వైపే ఉంది.

మూడోది, ఇది నా పని కాదన్న ఆలోచన. కౌన్సెలింగ్ తెలియదు, మందుల మోతాదు మీద ధైర్యం లేదు, ఆత్మహత్య మాటెత్తితే ఏమవుతుందోనన్న బెరుకు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం వల్ల అవి పెరగవని పరిశోధన స్పష్టంగా చెబుతోంది. అయినా ఆ బెరుకు పోలేదు. ఇది చిన్న సంగతి కాదు. ఆత్మహత్యతో చనిపోయినవారిలో సగటున 45 శాతం మంది ఆఖరి నెలలో ఏదో ఒక సాధారణ వైద్యుడిని కలిశారని జేసన్ లుయోమా బృందం 2002లో చేసిన సమీక్ష తేల్చింది.

నాలుగోది సర్వేల్లో అంతగా కనిపించదు గానీ మన ప్రైవేటు క్లినిక్‌లలో బలంగా ఉంటుంది. "మీకు డిప్రెషన్ ఉంది" అంటే రోగి నొచ్చుకుంటారు. "నాకేమైనా పిచ్చా డాక్టర్ గారూ?" అని అడుగుతారు. తర్వాత మరో డాక్టరు దగ్గరికి వెళ్లిపోతారు. మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే హైదరాబాద్‌లో, మెంటల్ ఆస్పత్రి అంటే గొంతు తగ్గించే విశాఖలో ఈ భయానికి కారణం వెతకనక్కర్లేదు. "నరాల బలహీనత" అని చెప్పి బలం సూది వేస్తే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

మరి ఈ అభిప్రాయాలే వైద్యాన్ని నడుపుతాయా? క్రిస్టఫర్ డౌరిక్ బృందం 2000లో ఇదే ప్రశ్న వేసుకుంది. డాక్టర్లు కాగితం మీద చెప్పిన వైఖరికీ, గదిలో వాస్తవంగా రోగిని గుర్తించిన తీరుకీ మధ్య ఉన్న ముడి చాలా బలహీనమని తేలింది. వైఖరి మారిస్తే వైద్యం మారుతుందని నమ్మేవారికి ఇది మొదటి హెచ్చరిక.

అవతలి వాదన

డాక్టర్లు కుంగుబాటును వదిలేస్తున్నారన్న వాదనకు ఎదురువాదన కూడా ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ కె.ఎస్. జాకబ్ ఏళ్ల తరబడి ఈ వాదన వినిపించారు. స్పెషలిస్టుల ఆస్పత్రుల్లో పుట్టిన నిర్వచనాలు ప్రాథమిక వైద్యంలో అతకవని, అక్కడికొచ్చే వారిలో దిగులు, ఆందోళన, ఒంటి బాధ, ఇంటి గొడవ అన్నీ కలగలిసి ఉంటాయని ఆయన అన్నారు. వాటన్నిటికీ ఒకే జబ్బు పేరు పెట్టి ఒకే మాత్ర రాయడం వైద్యం కాదన్నది ఆయన అభ్యంతరం.

మందుల ఆధారాలు ఈ విషయంలో మధ్యేమార్గంలోనే ఉన్నాయి. 2018లో ఆంద్రియా చిప్రియానీ బృందం 522 ప్రయోగాలను కలిపి చూసి, పరీక్షించిన 21 కుంగుబాటు మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేస్తాయని చెప్పింది. ఆ మేలు తీవ్రమైన కుంగుబాటులో స్పష్టం, తేలికపాటి దానిలో స్వల్పం అని 2010లో జే ఫోర్నియర్ బృందం చేసిన విశ్లేషణ సూచించింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో, తేలికపాటి కుంగుబాటుకు మొదటి అడుగుగా మందులు ఇవ్వడం మామూలు పద్ధతి కాకూడదని చెప్పింది. రోగి కోరితే తప్ప ముందు మాటలతో సాగే చికిత్సలు, వ్యాయామం వంటివే చూడాలంది.

మన దగ్గర ఈ అతి వైద్యం మరో రూపంలో ఉంది. కుంగుబాటు మందు రాయడానికి జంకే డాక్టరే ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రబిళ్లను జంకకుండా రాస్తారు. ఆ రాత్రికి నిద్ర పడుతుంది, రోగికి నమ్మకం కుదురుతుంది, అలవాటూ కుదురుతుంది. ఇంకొందరు అమిట్రిప్టిలిన్‌ను పది మిల్లీగ్రాముల్లో ఇస్తారు. అది కొన్ని రకాల నొప్పులకు పనికొచ్చే మోతాదేమో గానీ కుంగుబాటుకు చాలదు. ఎస్సిటలోప్రామ్ లాంటిది సరిగ్గానే రాసినా, పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో వికారం ఉండొచ్చని, తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని చెప్పకపోతే రోగి వారంలో మానేస్తారు. చాలా సందర్భాల్లో మందు ఓడిపోయేది ఇక్కడే.

పాఠాలు చెబితే చాలా?

వైఖరి మార్చడానికి మొదట అందరికీ తోచింది శిక్షణ. దీనికి ఆశ పుట్టించింది స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవి. 1983, 84ల్లో వోల్ఫ్‌గాంగ్ రుట్జ్ బృందం ఆ దీవిలోని జనరల్ డాక్టర్లందరికీ కుంగుబాటు మీద పాఠాలు చెప్పింది. ఆ తర్వాత జబ్బు సెలవులు తగ్గాయి, ఆస్పత్రి చేరికలు తగ్గాయి, ఆత్మహత్యలు కూడా తగ్గాయి. ప్రపంచమంతా ఈ ఫలితాన్ని చెప్పుకుంది. మూడేళ్లు గడిచేసరికి ఆ మేలు కరిగిపోయింది. తగ్గుదల ఎక్కువగా ఆడవాళ్లలోనే కనిపించిందని కూడా తర్వాత తేలింది.

బ్రిటన్‌లో 1992 నుంచి 1996 దాకా మానసిక వైద్యుల కళాశాల, జనరల్ డాక్టర్ల కళాశాల కలిసి కుంగుబాటును ఓడించాలంటూ పెద్ద ప్రచారం నడిపాయి. ఆ దేశంలోనే హాంప్‌షైర్‌లో శిక్షణను కట్టుదిట్టమైన పద్ధతిలో పరీక్షించారు. ఫలితాలు 2000లో వచ్చాయి. తరగతులు డాక్టర్లకు నచ్చాయి. తమ వైద్యం మారుతుందని వారిలో 80 శాతం మంది చెప్పారు. గుర్తింపు మాత్రం శిక్షణ పొందినవారిలో 39 శాతం, పొందనివారిలో 36 శాతం. రోగులు కోలుకోవడంలో తేడా లేదు. తెలుసుకోవాలన్న కోరిక ఉండి, తెలుసుకుని కూడా, రోజువారీ గదిలోకి తిరిగి వెళ్లగానే పాత పద్ధతే గెలిచింది.

ఏర్పాటు మారిస్తే

ఇదే సమయంలో అమెరికాలో మరో దారి పరీక్షించారు. యుర్గెన్ ఉన్యుట్సర్ నాయకత్వంలో జరిగిన ఇంపాక్ట్ ప్రయోగంలో 18 ప్రాథమిక వైద్య క్లినిక్‌లు, 1,801 మంది పెద్ద వయసు రోగులు పాల్గొన్నారు. డాక్టరు పక్కన ఒక కేర్ మేనేజర్‌ను పెట్టారు. ఆ వ్యక్తి పని రోగికి జబ్బు వివరించడం, ఫోన్ చేసి మందు వేసుకుంటున్నారో లేదో కనుక్కోవడం, మెరుగుదల లేకపోతే డాక్టరుకు చెప్పడం. వెనక ఒక మానసిక వైద్యుడు సలహాదారుగా ఉంటారు. ఏడాది తిరిగేసరికి లక్షణాలు సగానికి తగ్గినవారు ఈ పద్ధతిలో 45 శాతం, మామూలు వైద్యంలో 19 శాతం. తర్వాత వైద్య ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 79 ప్రయోగాలను చూసి ఈ పద్ధతికే మొగ్గింది.

డబ్బున్న దేశానికే ఇది సాధ్యమని అనేవారికి గోవా జవాబిచ్చింది. విక్రమ్ పటేల్ బృందం అక్కడ మానస్ పేరుతో 24 క్లినిక్‌లలో ఒక ప్రయోగం చేసింది. సగం ప్రభుత్వానివి, సగం ప్రైవేటువి. వైద్య చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం, జబ్బు నిర్ధారణ అయినవారిలో ప్రభుత్వ క్లినిక్‌లకు వచ్చినవారు ఆరు నెలల్లో కోలుకున్నది 66 శాతం. కౌన్సెలర్ లేనిచోట 43 శాతం లోపు. ప్రైవేటు క్లినిక్‌లలో మాత్రం కౌన్సెలర్ ఉన్నా లేకున్నా దాదాపు మూడింట రెండొంతుల మంది కోలుకున్నారు.

ఆ ప్రైవేటు ఫలితం మీద ఇంకాస్త ఆగి ఆలోచించాలి. గోవా ప్రైవేటు క్లినిక్‌లలో ఎక్కువగా కుటుంబ డాక్టర్లే. రోగిని ఏళ్లుగా ఎరిగినవారు, మళ్లీ మళ్లీ చూసేవారు, కాస్త ఎక్కువసేపు మాట్లాడేవారు. పరిశోధకులు ఇచ్చిన వివరణల్లో ఇదొకటి. పదేపదే చూస్తే గుర్తింపు మెరుగవుతుందన్న మిచెల్ మాటతో ఇది సరిపోతుంది. ఎరిగిన డాక్టరు ఉన్నచోట కొత్త ఏర్పాటు కలిపేది తక్కువ. రోజుకో డాక్టరు మారే చోట, నిమిషాల్లో చీటీ రాసి పంపే చోట ఆ ఏర్పాటే ప్రాణం.

మన ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోనూ పరిశోధన సంస్థ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఒక ప్రయోగం నడిపింది. పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి మానసిక బాధ ఉన్నవారిని గుర్తించారు. పీహెచ్‌సీ డాక్టరు చేతిలోని ట్యాబ్ తదుపరి ఏం చేయాలో దశలవారీగా సూచించేది. ఏజెన్సీలోని 30 గ్రామాల్లో జరిగిన తొలి దశలో, సాయం అవసరమైనవారిలో వైద్యం పొందినవారి వాటా ఒక శాతం లోపు నుంచి 12 శాతం దాటింది. ఇంకా దాదాపు 87 శాతం మంది బయటే ఉన్నారన్నది నిజం. డాక్టరును మార్చకుండా డాక్టరు చుట్టూ ఉన్న పనిని మార్చితే కదలిక వస్తుందన్నదీ నిజమే.

మన చట్టం, మన చదువు

ప్రాథమిక వైద్యంలోకి మానసిక వైద్యం తేవాలన్న ఆలోచన మన దేశంలో పాతదే. 1970ల్లోనే చండీగఢ్ దగ్గర రాయ్‌పూర్ రాణిలో, బెంగళూరు దగ్గర సకల్‌వారాలో ప్రయోగాలు జరిగాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బళ్లారి జిల్లా నమూనా ఆధారంగా 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. దాని దృష్టి ఎక్కువగా తీవ్ర మానసిక జబ్బుల మీదే నిలిచింది. కుంగుబాటు వెనకబడింది. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో కుంగుబాటు ఉన్నవారిలో 85 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అన్ని స్థాయుల సాధారణ వైద్యంలో మానసిక సేవలను కలపాలని ప్రభుత్వాల మీద బాధ్యత పెట్టింది. చదువు మాత్రం వెనకే ఉంది. ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి విడిగా పరీక్ష లేదు, జనరల్ మెడిసిన్‌లో అదొక భాగం. పరీక్షలో పెద్దగా రాని పాఠాన్ని విద్యార్థి ఎలా చదువుతాడో అందరికీ తెలుసు. హౌస్ సర్జన్సీలో మానసిక వైద్యానికి కేటాయించింది రెండు వారాలే. ఆ రెండు వారాల్లోనూ విద్యార్థి చూసేది ఆస్పత్రిలో చేరిన తీవ్ర రోగులను. రేపు తన ఓపీలో కూర్చోబోయే, ఒళ్లు నొప్పులని చెప్పే ఇల్లాలిని కాదు.

తేలిందేమిటి

ఈ ఆధారాలన్నీ కలిపి చూస్తే, జనరల్ డాక్టర్లకు సానుభూతి పాఠాలు చెప్పడం మీద ఇంత శక్తి పెట్టడం దండగ అనిపిస్తుంది. వైఖరి మారాక పని మారుతుందని ఎదురుచూశాం. జరుగుతున్నది వేరు. పని జరిగే పద్ధతి మారినచోట, వైఖరి మారేదాకా ఆగకుండానే ఫలితం కనిపిస్తోంది.

అందుకు కావాల్సినవి పెద్ద భవనాలు కావు. ప్రతి పీహెచ్‌సీలో బీపీ, షుగర్ రోగులకు ఉన్నట్టే కుంగుబాటు రోగులకూ ఒక రిజిస్టరు, మళ్లీ రావాల్సిన తేదీ, రాకపోతే ఫోన్ చేసే ఒక ఏఎన్‌ఎం లేదా కౌన్సెలర్ ఉండాలి. మందుల పట్టీలో ఫ్లుఆక్సిటిన్ ఉండటమే కాదు, అలమరలో కూడా ఉండాలి. నెలకోసారైనా జిల్లా మానసిక వైద్యుడు ఫోన్‌లో దొరకాలి. ఎంబీబీఎస్ పరీక్షలో మానసిక వైద్యానికి విడి మార్కులు పెట్టాలి. ఇవేవీ ఇవ్వకుండా డాక్టరును నిందించడం ప్రభుత్వాలకు సులువు, రోగికి నష్టం.

డాక్టర్లకు ఒక మనవి. పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పే ముందు రెండు సంగతులు అడగండి: ఈ రెండు వారాల్లో దిగులుగా ఉంటోందా, ఇదివరకు ఇష్టమైన పనుల మీద మనసు పోవడం లేదా అని. అవునంటే చీటీ మీద మందుతోపాటు మళ్లీ రావాల్సిన తేదీ రాయండి. పాఠకులకూ ఒకటి. డాక్టరు గదిలో తలనొప్పి గురించి చెప్పాక నిద్ర గురించి, ఆకలి గురించి, చచ్చిపోవాలనిపించడం గురించి కూడా దాచకుండా చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి. గదిలో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి అది పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు.